పొత్తిగుడ్డల కథ

2023 ఏప్రిల్‌లో మా చిన్నబ్బాయి, కోడలు ఏడు నెలల మనవరాలిని ఎత్తుకొని పుణె నుంచి షోలాపూరు వచ్చారు. మా ఊరి ఎండ సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. వాళ్ళ ఇల్లు విడిచినప్పటి నుంచి మా గడప తొక్కేదాకా ఆరు గంటలపాటు పిల్ల ఒకే డయాపరుతో ఉంది. రాత్రంతా ఏడుస్తూనే ఉంది. తెల్లవారి స్నానం చేయిద్దామని విప్పితే పిర్రలు, తొడలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. అక్కడక్కడ పైచర్మం లేచిపోయింది. నీళ్ళు తగలగానే పసిది గుక్కపట్టి ఏడ్చింది.

నా నోరు ఊరుకోలేదు. “మా కాలంల ఇట్ల ఉండెనా బిడ్డా! ఈ ప్లాస్టిక్ కట్టి కట్టి పిల్ల పెయ్యి పాడు చేస్తివి. తల్లి చూసుకోవాలె గద!” అన్నాను. కోడలు ఏమీ అనలేదు. పిల్లను తువాలులో చుట్టుకొని లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ మాట నాది కాదని పడుకున్నాక గుర్తుకొచ్చింది. 1974లో మా పెద్దవాడికి నాలుగో నెలలో ఇలాగే ఒళ్ళు కందినప్పుడు మా అత్తమ్మ నన్ను అన్న మాట అది. నేను ప్లాస్టిక్ అన్నచోట ఆమె “బడి” అన్నది, అంతే తేడా. అప్పట్లో నేను ఒక తెలుగు బడిలో పంతులమ్మను. ఆనాడు నేనూ మా కోడలిలాగే మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయాను.

పసిపిల్లల పిర్రలు కందడమనే ఇంత చిన్న జబ్బుకు చరిత్ర ఉంటుందా, ఉంటే అందులో తప్పు ఎవరి మీద వేశారు అని అప్పటి నుంచి నాకు పట్టుకుంది. పుస్తకాలు తిరగేశాను. తెలిసిన వైద్యులను అడిగాను. మా అమ్మ చెప్పిన సంగతులు జ్ఞాపకం చేసుకున్నాను. ఆ వెతుకులాటలో దొరికినది పాఠకులతో పంచుకుంటున్నాను. చరిత్ర అంటే రాజులూ యుద్ధాలూ అనుకునేవారు కాస్త ఓపిక పట్టాలి.

తొట్టెల పక్కన చాట

మాది మగ్గం కులం, పద్మశాలీలం. నిజాం రాజ్యంలోని తెలుగు జిల్లాలలో మగ్గం బతుకు కుంటుపడినకొద్దీ మావాళ్ళు పడమటి దారి పట్టారు. 1870లలో షోలాపూరులో బట్టల మిల్లు వెలిశాక ఆ రాక ఇంకా పెరిగింది. మగవాళ్ళు మిల్లులోనో మగ్గం మీదో పనిచేస్తే ఆడవాళ్ళు ఇంటి వసారాలో కూర్చుని బీడీలు చుట్టారు. మా అమ్మ ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. కాలి బొటనవేలికి తొట్టెల తాడు. కూలి వెయ్యి బీడీలకింత అని లెక్క. ఆ వెయ్యి పూర్తి చేయడానికీ, తొట్టెలలోని పిల్ల తడిపిన గుడ్డ మార్చడానికీ మధ్య ఆమె రోజంతా నలిగేది.

ఆ గుడ్డల మూట నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. పురిటికి ముందే మా అమ్మమ్మ పాత నూలు చీరలు, పంచెలు చింపి, గట్టి అంచులు తీసేసి, ఉతికి మడిచి పెట్టేది. అవే పొత్తిగుడ్డలు. పసిగుడ్డుకు కొత్త బట్ట కట్టకూడదని ఆచారం. శకునమని పెద్దలు చెప్పేవారు కాని, మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినవాళ్ళకు అసలు సంగతి తెలుసు. కొత్త బట్టలో గంజి ఉంటుంది. అది గరుకు, పైగా నీటిని పీల్చదు. నూరుసార్లు ఉతికిన చీరముక్క వెన్నలా ఉంటుంది, తడిని పట్టుకుంటుంది. మా పక్కింటి మరాఠీవాళ్ళు ఈ గుడ్డలను “బాళోతీ” అనేవారు. త్రికోణంగా మడిచి కట్టేది “లంగోట్”, పిల్లను చుట్టేది “దుపటె”. ఇప్పుడు మా తెలుగిళ్ళలోనూ ఆ మాటలే మిగిలాయి. పొత్తిగుడ్డ అంటే మా కోడలికి తెలియలేదు.

నిజానికి పగటిపూట చాలాసేపు పిల్ల ఒంటి మీద గుడ్డే ఉండేది కాదు. మొలతాడు ఒక్కటే. నిద్ర లేవగానే, పాలు తాగిన కాసేపటికి, అమ్మ రెండు కాళ్ళూ చాపి పాదాల మీద పిల్లను కూర్చోబెట్టి నోటితో “స్స్” మని చప్పుడు చేసేది. కొన్ని నెలలకల్లా పిల్లకు ఆ చప్పుడు అలవాటయ్యేది. అప్పటికీ తడిపితే వెంటనే తెలిసేది, తడిని ఆపే ప్లాస్టిక్ ఏదీ లేదు కనుక. ఎత్తుకున్నవాళ్ళ చీర తడిసేది. కడగడం, తుడవడం, కాస్త కొబ్బరినూనె రాయడం వెంటవెంటనే జరిగిపోయేవి.

ఇంతవరకు చదివి, “అదిగో, మన పాత పద్ధతే మంచిది” అనుకోకండి. నేనూ అలాగే అనుకొని మా అమ్మ బతికున్న రోజుల్లో ఒకసారి ఆమెతో అన్నాను. ఆమె నవ్వింది. “వానకాలంల గుడ్డలు ఆరకపోతె ఏం జేస్తం? పొయ్యి కాడ కాచి, పచ్చిపచ్చిగ ఉండంగనె కట్టిన. మీ తమ్మునికి పుండ్లు పడ్డయి. ఒకనాడు బీడీలు తక్కువైనయని పొద్దంత వాని దిక్కు చూడలేదు” అంది. ఆ మాట చెప్పేనాటికి ఆమెకు డెబ్బై దాటాయి. తమ్ముడికి మనవళ్ళున్నారు. అయినా గొంతు తగ్గించి, ఎవరైనా వింటారేమో అన్నట్టు చెప్పింది.

జబ్బుకు ఐదు పేర్లు

మన ప్రాచీన వైద్యులు ఈ జబ్బును గుర్తించారా అని వెతికితే సుశ్రుత సంహితలోనే దొరికింది. నిదానస్థానం పదమూడో అధ్యాయంలో క్షుద్రరోగాల వరుసలో “అహిపూతనం” అని ఒక రోగం ఉంది. మలమూత్రాలు అంటుకొని ఉన్న చోటును కడగకపోయినా, చెమట పట్టిన శిశువుకు స్నానం చేయించకపోయినా దురద పుడుతుందనీ, గోకడంతో పొక్కులు లేచి రసి కారుతుందనీ, అవన్నీ కలిసిపోయి పెద్ద పుండవుతుందనీ సుశ్రుతుడు వర్ణించాడు. రెండు వేల ఏళ్ళనాటి ఆ వర్ణన చదువుతుంటే మా మనవరాలినే చూసి రాశాడా అనిపించింది. తడి, మలం, చెమట, కడగకపోవడం అంటూ కారణాలన్నీ సరిగానే పట్టుకున్నాడు. చికిత్సలో మాత్రం ఆయన ముందుగా చెప్పింది పాలిచ్చే స్త్రీ స్తన్యాన్ని శుద్ధి చేయమని. పుండును కషాయాలతో కడగడం ఆ తరువాత.

వాగ్భటుడు అష్టాంగహృదయం ఉత్తరస్థానంలో ఇదే రోగాన్ని చెబుతూ, దీనికి ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు పెట్టారని లెక్క చెప్పాడు. మాతృకాదోషం, అహిపూతనం, పృష్టారువు, గుదకుట్టం, అనామికం. ఐదు పేర్లలో మొదటిదీ చివరిదీ నన్ను ఆపేశాయి. మాతృక అంటే తల్లి. శిశువులను పట్టే గ్రహదేవతలనూ మాతృకలంటారు. పేరు పెట్టినవారి మనసులో ఏముందో గాని, ఆ మాట చదవగానే నాకు తగిలింది తల్లే. ఇక అనామికమంటే పేరు లేనిది. తల్లి పేరన్నా ఉండాలి, లేకుంటే అసలు పేరే ఉండకూడదు కాబోలు!

డయాపరు మగ్గం మాటే

మన గ్రంథాలు చెప్పింది అది. ఇక ఇప్పుడు మనం కడుతున్న డయాపరు సంగతి చూద్దామని నిఘంటువు తీస్తే నాకు పెద్ద ఆశ్చర్యమే ఎదురైంది. డయాపరు అన్నది మొదట పిల్లల గుడ్డ పేరు కాదు, నేత పేరు. చిన్న చిన్న డైమండు గళ్ళు మళ్ళీ మళ్ళీ వచ్చేలా నేసిన తెల్లని బట్టను ఐరోపాలో శతాబ్దాలపాటు డయాపరు అన్నారు. షేక్‌స్పియర్ నాటకం ఒకదానిలో డయాపరు చేతులు తుడుచుకునే గుడ్డ. ఆ గళ్ళ నేతలో ఎత్తుపల్లాలు ఉంటాయి కనుక అది నీటిని ఎక్కువ పీలుస్తుంది. అందుకే తువాళ్ళకూ, పసిపిల్లలకూ పనికొచ్చింది. చివరికి నేత పేరు పోయి పిల్లల గుడ్డ పేరే నిలిచింది. మా షోలాపూరు టర్కీ తువాలులోని ఉంగరాల దారం చేసే పనీ ఇదే. మా నాన్న మగ్గం మీద జీవితమంతా తువాళ్ళు నేశాడు. ఆయనకు ఈ సంగతి చెబితే ఎంత సంతోషించేవాడో!

ఐరోపా తల్లులు పిల్లలను నిలువునా బట్టలతో బిగించి చుట్టేవారు. ఆ పద్ధతిని 1762లో రూసో తన “ఎమిల్” గ్రంథంలో తీవ్రంగా ఖండించాడు. 1849లో అమెరికాలో వాల్టర్ హంట్ పిన్నీసుకు పేటెంటు పొందాడు. పిల్లల నడుముకు గుడ్డను బిగించడం సులువైంది. గుడ్డ బిగిసింది, దాని మీద తడి ఆపే రబ్బరు తొడుగులు వచ్చాయి, లోపల గాలి ఆడటం తగ్గింది. 1905లో జాకే అనే ఫ్రెంచి చర్మవైద్యుడు ఈ పుండ్లను వివరంగా వర్ణించాడు. ఆ పేరు మొదటిసారి చూసినప్పుడు మా చద్దర్లు నేసే జకార్డు మగ్గమే గుర్తొచ్చి నాలో నేను నవ్వుకున్నాను.

1921లో అమెరికా వైద్యుడు కుక్ ఈ కథను ఒక మలుపు తిప్పాడు. పిల్లల మలంలో ఉండే ఒక క్రిమి మూత్రంలోని యూరియాను విరిచి అమ్మోనియాగా మారుస్తుందనీ, ఆ ఘాటైన అమ్మోనియాయే చర్మాన్ని కాలుస్తుందనీ ఆయన చెప్పాడు. తెల్లవారి తడిగుడ్డ తీసినప్పుడు ముక్కులు అదిరిపోవడం ప్రతి తల్లికీ అనుభవమే గనుక అందరూ నమ్మారు. క్రిమి వల్ల వస్తే క్రిమిని చంపాలి. కుక్ సూచించిన మందు గుడ్డలను పాదరసపు లవణం కలిపిన నీటిలో ముంచడం. ఆ సూత్రం అర్ధ శతాబ్దంపాటు వైద్యపుస్తకాలను ఏలింది.

మేలు చేయబోయి

ఇక్కడి నుంచి ఈ చరిత్ర చదవడం కష్టంగా ఉంటుంది. పసిపిల్ల చర్మం పలుచన. అందులోనూ ఒరిసి లేచిపోయిన చర్మం తెరిచిన తలుపులాంటిది. గుడ్డ మీద ఏది ఉంటే అది నేరుగా ఒంట్లోకి పోతుంది. ఈ సంగతిని వైద్యులు ఒక్కసారిగా నేర్చుకోలేదు, ఒక్కొక్క విషానికీ ఒక్కొక్కసారి నేర్చుకున్నారు.

1886లో ఒక బ్రిటిషు వైద్య పత్రికలో అప్పుడే పుట్టిన పిల్లలు నీలంగా మారిపోయిన ఉదంతం వచ్చింది. గుడ్డల మీద గుర్తుగా ముద్రించిన అనిలిన్ రంగు చర్మం గుండా నెత్తుటిలోకి పోయింది. మన దేశంలో బట్టలకు గుర్తు పెట్టడానికి చాకలివారు నల్లజీడి పిక్క రసం వాడేవారు. ఆ గుర్తు తగిలిన చోట కొందరికి పొక్కులు లేస్తాయి. రెండో ప్రపంచయుద్ధంలో ఇక్కడికి వచ్చిన అమెరికా సైనికుల ఒంటి మీద వాటిని చూసి 1943లో వాళ్ళ వైద్యులు “ధోబీ గుర్తు” జబ్బు అని రాశారు. పెద్దలకే పొక్కులు లేపే రసం పసివాళ్ళ గుడ్డల మీద ఉంటే ఏమవుతుందో ఊహించవచ్చు.

పాదరసం కథ ఇంకా పెద్దది. ఇంగ్లండు, ఆస్ట్రేలియా, అమెరికాలలో పసిపిల్లల చేతులు, కాళ్ళు గులాబిరంగుకు తిరిగి, వెలుతురు చూడలేక, రాత్రింబవళ్ళు ఏడ్చే ఒక వింత వ్యాధి దశాబ్దాలపాటు వైద్యులకు అంతుచిక్కలేదు. 1948లో వార్కనీ, హబ్బర్డ్ అనే ఇద్దరు వైద్యులు ఆ పిల్లల మూత్రంలో పాదరసం కనిపెట్టారు. పళ్ళు వచ్చేటప్పుడు ఇచ్చే పొడులలో పాదరసం ఉంది. చర్మానికి రాసే లేపనాలలో ఉంది. గుడ్డలు జాడించే మందునీళ్ళలోనూ ఉంది. 1954లో బ్రిటన్‌లో ఆ పళ్ళ పొడుల అమ్మకం ఆగాక వ్యాధి కూడా దాదాపు మాయమైంది. అంత అనుభవం తరువాత కూడా 1980 ప్రాంతంలో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిరిస్‌లో గుడ్డలు ఉతికి ఇచ్చే వ్యాపారంలో బూజు పట్టకుండా పాదరసపు మందు వాడితే వేలాది శిశువుల ఒంట్లోకి అది చేరింది. 1972లో ఫ్రాన్సులో పొరపాటున హెక్సాక్లోరోఫీన్ అనే క్రిమిసంహారిణి కలిసిన పౌడరు వల్ల 36 మంది పిల్లలు చనిపోయారు. రెండు వందల మందికి పైగా జబ్బుపడ్డారు. పిల్లల పిర్రలకు అద్దడానికి తల్లులు ప్రేమతో కొన్న పౌడరు అది.

1974

ఈ వరుసలో నా కథ కూడా ఒకటి ఉంది. మా పెద్దవాడి ఒళ్ళు కందినప్పుడు మా అత్తమ్మ మాట పడలేక, బడికి పోయే దారిలో ఉన్న ఒక మందుల దుకాణంలో అడిగాను. అక్కడి మనిషి కాగితం పొట్లంలో తెల్లని పొడి కట్టిచ్చాడు. బోరిక్ పౌడరు. “కళ్ళు కడగడానికి కూడా ఇదే వాడతరు, ఏం కాదు” అన్నాడు. గుడ్డ మార్చినప్పుడల్లా పచ్చిపుండు మీద చల్లాను. మూడో రోజు పిల్లవాడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఒళ్ళంతా ఎండకు కాలినట్టు ఎర్రబడింది. నాలుగో రోజు ఆసుపత్రికి తీసుకుపోతే పెద్ద డాక్టరు మొదట అడిగిన ప్రశ్న, “ఏం చల్లారమ్మా?” పొట్లం చూపించగానే పక్కన పడేశాడు. వాడు బతికాడు. ఇప్పుడు వాడికి యాభై వచ్చింది.

ఇంటికి వచ్చాక పొడి మాట ఎవరూ ఎత్తలేదు. “తల్లి బడికి పోతె పిల్లల గతి గిట్లనె” అన్నారు. నేనూ అదే నమ్మాను. మరో ఇద్దరు పిల్లలు పుట్టారు. వాళ్ళ ఒంటి మీద చిన్న ఎరుపు కనిపించినా, నేను చేసిన తప్పేమిటా అని రోజంతా వెనక్కి లెక్కపెట్టుకునేదాన్ని.

లిస్టర్ కాలంలో, అంటే 1870లలో, గాయాలకు వాడుకలోకి వచ్చిన మందు బోరిక్ ఆమ్లం. మెత్తని తెల్లని పొడి, మంట పుట్టించదు కాబట్టి పసిపిల్లలకూ వచ్చింది. మామూలు చర్మం దాన్ని అంతగా లోపలికి రానివ్వదు, పుండు రానిస్తుంది. 1953లో కెనడాకు చెందిన గోల్డ్‌బ్లూమ్ వైద్యులు ఇద్దరు తమ దగ్గరికి వచ్చిన 4 కేసులతోపాటు, ప్రపంచ వైద్య పత్రికలలో అప్పటికే నమోదైన 109 బోరిక్ విషప్రయోగాలను సమీక్షించి వ్యాసం రాశారు. వాటిలో పిల్లల పిర్రల మీద చల్లిన పొడి కూడా ఉంది. నేను పొట్లం కొన్న నాటికి ఆ వ్యాసం అచ్చయి 21 ఏళ్ళు. అది మా బజారుదాకా రాలేదు. ఈ సంగతి చదివిన రోజు పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. ఆ పొడి ఇప్పుడు మా వీధి కుర్రాళ్ళు కారమ్స్ బోర్డు మీద చల్లుకుంటున్నారు. అక్కడ దానివల్ల బాధ లేదు.

అసలు కారణం

అమ్మోనియా సూత్రానికి 1977లో గట్టి దెబ్బ తగిలింది. అమెరికాలో లేడెన్, క్లిగ్మన్ తదితరులు ఒళ్ళు కందిన పిల్లల గుడ్డలనూ, కందని పిల్లల గుడ్డలనూ పరీక్షించి చూశారు. అమ్మోనియా విషయంలో రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అమ్మోనియాను పుట్టించే క్రిములు కూడా రెండింటిలోనూ ఒకేలా ఉన్నాయి. యాభై ఏళ్ళు అందరూ తిట్టిన వాసన నేరుగా దోషి కాదు.

1986లో బర్గ్, బకింగ్‌హామ్ అనే పరిశోధకులు మిగతా ముడి విప్పారు. వాళ్ళు డయాపర్లు తయారుచేసే కంపెనీవాళ్ళే, లాభం లేనివాళ్ళు కారు. అయినా ఆ ఫలితాన్ని వైద్యలోకం ఒప్పుకుంది. సంగతి ఇది. తడిలో నానిన చర్మం మెత్తబడి, కొద్ది ఒరిపిడికే చిట్లుతుంది. మన చర్మం సహజంగా కొద్దిగా ఆమ్లగుణం కలది. మూత్రమూ మలమూ కలిస్తే ఆ చోటు క్షారగుణానికి తిరుగుతుంది. మలంలో కొవ్వును, మాంసకృత్తులను అరిగించే రసాలు ఉంటాయి. క్షారం తగలగానే వాటికి బలం వస్తుంది. అన్నాన్ని అరిగించవలసిన రసాలు చర్మాన్నే అరిగించడం మొదలుపెడతాయి. తల్లిపాలు తాగే పిల్లల మలంలో ఆ క్షారగుణం తక్కువ కనుక వాళ్ళకు ఈ బాధ కాస్త తక్కువ. విరేచనాలప్పుడు ఎక్కువ.

ఇది చదివాక చాకలిబాన నా కళ్ళ ముందు కదిలింది. చవుడు మట్టి, సోడా, సబ్బు అన్నీ క్షారాలే. వాటితో ఉతికిన గుడ్డను సరిగా జాడించకపోతే ఆ క్షారం గుడ్డలోనే మిగులుతుంది. “నాలుగు నీళ్ళల్ల జాడియ్యాలె” అని మా అమ్మమ్మ పట్టుబట్టేది ఇందుకే. ఆమెకు రసాయనశాస్త్రం తెలియదు, ఫలితం తెలుసు.

మా మనవరాలిని చూసిన పిల్లల డాక్టరమ్మ చెప్పినదీ ఈ శాస్త్రమే. పౌడర్లు వద్దంది. దుమ్ము పిల్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మలం అయితే వెంటనే, లేకపోయినా రెండు మూడు గంటలకొకసారి మార్చమంది. మామూలు నీళ్ళతో కడిగి, రుద్దకుండా అద్ది, రోజుకు కొన్నిసార్లు కాసేపు గాలికి వదిలేయమంది. ఆ పైన జింక్ ఆక్సైడు లేపనం మందంగా రాయమంది. అది పుండును మాన్పే మంత్రమేమీ కాదు, తడి తగలకుండా అడ్డుగోడ. వంద ఏళ్ళకు ముందే బెర్లిన్ వైద్యుడు లాస్సర్ పిండి, వాజలీనుతో కలిపి చేసిన ముద్దలోనూ ప్రధానంగా ఉన్నది ఈ జింక్ ఆక్సైడే. చర్మం ముడతల లోపల కూడా ముదురు ఎరుపు ఉండి, చుట్టూ చిన్న చిన్న ఎర్రచుక్కలు కనిపిస్తే అది కాండిడా అనే బూజు పని. దానికి వేరే మందు ఉంటుంది. మూడు రోజుల్లో తగ్గకపోయినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా చూపించాలి. అన్నిటికీ పనికొస్తుందని దుకాణంలో ఇచ్చే స్టెరాయిడు కలిసిన మలాములు డయాపరు కింద రాయకూడదు. బిగించి కప్పిన చోట వాటి మోతాదు చర్మంలోకి ఎక్కువగా పోతుంది. పొట్లం కొన్న నా చేతులు ఈ మాట వింటూ ఒళ్ళో ఊరికే ఉన్నాయి.

చివరికి నేను అడిగాను, “తప్పు డయాపరుదేనా?” అని. ఆమె కాదంది. నీటిని పీల్చి పట్టుకునే పొడి 1980లలో డయాపర్లలోకి వచ్చాక చర్మం మీద తడి నిలవడం తగ్గింది. తడిగుడ్డ కన్నా వేళకు మార్చిన మంచి డయాపరు మేలు. వేళకు మార్చకపోతే ఏదైనా ఒకటే. మా పిల్ల ఆరు గంటలు అలాగే ఉండటానికి కారణం రైలు. జనం కిక్కిరిసిన పెట్టెలో పసిపిల్లను పడుకోబెట్టి గుడ్డ మార్చడానికి జానెడు చోటు లేదు.

నీళ్ళు మోసింది ఎవరు

పారవేసే డయాపరును కనిపెట్టినవారిలో మొదట చెప్పుకోవలసిన పేరు ఒక తల్లిది. 1946లో మేరియన్ డోనోవన్ అనే అమెరికా స్త్రీ తన ఇంటి స్నానపు గది తెరను కత్తిరించి, కుట్టుమిషను మీద గుడ్డపై తొడుగు కుట్టింది. 1949లో అది న్యూయార్కు దుకాణంలో అమ్మకానికి వచ్చింది. 1951లో పేటెంటు దొరికింది. 1961లో విక్టర్ మిల్స్ జట్టు చేసిన పాంపర్సు బజారుకు వచ్చింది. మిల్స్ తన మనవడి గుడ్డలు మార్చలేక విసిగి ఈ పని మొదలుపెట్టాడని చెబుతారు. తాతగారు కొద్ది రోజులకే విసిగారు. మా అమ్మ నలుగురు పిల్లలకు మార్చింది.

మా ఊళ్ళో ఎన్నో ఏళ్ళు నల్లా నీళ్ళు నాలుగైదు రోజులకొకసారి వచ్చేవి. పిల్లకు రోజుకు పదిహేను ఇరవై గుడ్డలు, వాటికి నాలుగు నీళ్ళ జాడింపు అంటే ఎన్ని బిందెలో లెక్క వేసుకోండి. ఆ బిందెలు మోసింది ఆడవాళ్ళే. పురిటి మైల గుడ్డలు ఉతికింది చాకలి స్త్రీలు. శాస్త్రం ఏ దారిన తిరిగినా చివరికి చేరిన చోటు తడి నిలవనివ్వకుండా కడిగి ఆరబెట్టడమే. ఆ పని చేసినవారి పేర్లు ఏ గ్రంథంలోనూ లేవు. పని తప్పినప్పుడు మాత్రం పేరు వెంటనే దొరికింది. మాతృకాదోషం.

డయాపర్లకు వేరే నష్టం ఉంది. అవి చెత్తలో ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి. వాటిని వేరుగా చుట్టి ఇవ్వాలని 2016 నిబంధనలు చెప్పినా, చెత్త ఏరే ఆడవాళ్ళు ఉత్త చేతులతో విప్పుతుండటం నేను చూశాను. మన ఇంటి పని తగ్గి వాళ్ళ నెత్తిన పడింది. అందుకే మా ఇంట్లో ఇప్పుడు ఒక రాజీ కుదిరింది. రాత్రికి, ప్రయాణానికి డయాపరు. ఇంట్లో పగలు పొత్తిగుడ్డ. అది మార్చే వంతు తల్లిది ఒక్కదానిదే కాదు. మా చిన్నబ్బాయి కూడా నేర్చుకున్నాడు.

మూడో రోజుకల్లా పిల్ల ఒళ్ళు తేటపడింది. ఆ రోజు నా నూలుచీర ఒకటి తీసి చింపుతుంటే కోడలు వచ్చి పక్కన కూర్చుంది. 1974 పొట్లం సంగతి ఆమెకు చెప్పాను. మా పిల్లలకు కూడా నేను ఎన్నడూ చెప్పలేదు. “ఆనాడు నన్నన్న మాట నేను నిన్నంటిని బిడ్డా, మనసుల పెట్టుకోకు” అన్నాను. ఆమె కాసేపు గుడ్డలు మడుస్తూ ఉండి, “వీటిని ఏమంటరంటిరి అత్తమ్మా?” అని అడిగింది. పొత్తిగుడ్డలు అని చెప్పాను.

హోసూరు, బళ్ళారి, బరంపురం, యానాం వైపు మనవాళ్ళు ఈ గుడ్డలను ఏ పేరుతో పిలుస్తారో, పసిపిల్లల ఒళ్ళు కందితే మీ ఇళ్ళలో ఏమనేవారో, ఏం రాసేవారో తెలిసిన పెద్దవాళ్ళు ఈ పత్రికకు రాయవలసిందిగా కోరుతున్నాను. రాసేటప్పుడు ఆ గుడ్డలు ఎవరు ఉతికేవారో కూడా రాయండి.